స్వామిని కానన్న మేష్టారు

ధాత నామ సంవత్సరం శ్రావణ మాసం, రెండో మంగళవారం, తెల్లవారి అయిదుంబావుకి ఇది మొదలయింది. ఇంగ్లీషు లెక్కలో 1936. ఏలూరులో మా పెరటి అరుగు మీద మోకాళ్ళు పట్టుకుని ముందుకు వంగి కూర్చున్నాను. నాకు పన్నెండేళ్ళు. ముందురోజు సాయంత్రం పట్టుకున్న ఉబ్బసం తెల్లవారినా వదల్లేదు. అమ్మ వీపు రాస్తోంది. నాయనమ్మ పక్కన నిలబడి "గట్టిగా పీల్చవే, గట్టిగా పీల్చు" అంటోంది. ఎంత పీల్చినా లోపలికి వెళ్ళేది సూదిమొనంత.

మా వీధిగదిలో అద్దెకుంటున్న డ్రిల్లు మేష్టారు చేద పట్టుకుని నూతి దగ్గరికి వచ్చారు. దూరంగానే ఆగిపోయారు. నా ముఖం చూడలేదు, భుజాలు చూశారు.

"పీల్చకమ్మా. వదులు."

నాయనమ్మకి ఒళ్ళు మండింది. "అదేంటయ్యా! ఊపిరాడక పిల్ల చస్తుంటే ఉన్నది కూడా వదిలెయ్యమంటావు?"

"లోపలంతా నిండిపోయి ఉందండి మామ్మగారూ. ఖాళీ లేక బాధపడుతోంది. ఉన్నది పోతేగాని కొత్తది పట్టదండి."

నోరు మూసుకుని, తుమ్మెదలా ముక్కుతో రొద చేస్తూ ఊపిరి వదలమన్నారు. ఆ రొద ఎంతసేపు సాగితే అంతసేపు. మొదట పిల్లికూనలా రెండు కూతలు వచ్చాయి. "చాలు. మళ్ళీ." చేద కింద పెట్టకుండా అలాగే నిలబడి ఉన్నారు. ఆరు కొట్టేసరికి నేను వెనక్కి, గోడకి ఆనుకుని కూర్చోగలిగాను. గడియారం కొట్టిన సంగతి ఖాయం. మా నాన్న రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తా. ఇంట్లో గడియారం స్టేషను గడియారంతో సరిచూసి ఉంచేవారు. తారీఖులూ వేళలూ పట్టుకుని కూర్చోవడం నాకు ఆయన్నుంచే వచ్చింది.

ఇప్పుడు ఇదంతా ఎందుకంటే, పోయిన నెల మా అపార్టుమెంటు కింది హాల్లో యోగా క్లాసు పెట్టారు. నేను కుర్చీలో కూర్చుని వాళ్ళతో పాటు ఊపిరి వదులుతున్నాను. నేర్పే అమ్మాయి నా దగ్గరికి వచ్చి, "మామ్మగారూ, ఈ వయసులో మీ ఊపిరి ఎంత పొడుగ్గా ఉందండీ! ఎవరి దగ్గర నేర్చుకున్నారు?" అంది. డ్రిల్లు మేష్టారి దగ్గరన్నాను. పేరు అడిగింది. చెప్పలేదు. ఇక్కడా రాయను. పేరు దొరికితే దానికి ముందు మూడు శ్రీలు తగిలించి బోర్డు కట్టేవాళ్ళు ఈ జిల్లాలో ఇంకా ఉన్నారు. ఆయన భయపడ్డదల్లా ఆ బోర్డుకే.

పొట్టి మనిషి. అప్పటికి నలభై రెండేళ్ళు. ఖాకీ నిక్కరు, తెల్ల చొక్కా, మెడలో ఈల. భార్య పురిటిలోనే పోయిందని, మళ్ళీ చేసుకోలేదని అమ్మ చెప్పేది. నడిచేటప్పుడు మడమలు నేలకి తగిలీ తగలనట్టుండేవి. ఎవరితో మాట్లాడినా కళ్ళలోకి చూసేవారు కాదు. ఎదటివాళ్ళ భుజాల మీదా పక్కటెముకల మీదా చూపు ఉండేది. అందుకని వీధిలో ఆడవాళ్ళు ఆయన్ని చూస్తే కొంగు కప్పుకునేవారు. పాపం, ఆయన చూసేది ఊపిరిని.

పద్దెనిమిదో ఏడు దాకా ఆయనా నాలాగే మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నారట. తర్వాత గోదావరి ఒడ్డున ఎవరో ముసలాయన దగ్గర ఆరేళ్ళు ఉండి ఆసనాలూ ఊపిరి కట్టడమూ నేర్చుకున్నారు. ఆ ముసలాయన ఎవరని ఎన్నోసార్లు అడిగాను. "ఆయన సంగతి నీకెందుకమ్మా? మోకాలు మడవు" అనేవారు.

నాన్న ఒప్పుకున్న మర్నాటి నుంచి నా పాఠాలు మొదలయ్యాయి. ఆయన పద్ధతి వేరు. చేసి చూపించరు. నోటితో చెబుతారు. "చూస్తే నీ కళ్ళు నేర్చుకుంటాయి. వీపు నేర్చుకోదు" అనేవారు. రోటి ముందు కూర్చున్నట్టు కూర్చో అనేవారు. బిందె చంకనెత్తేముందు నడుము ఎక్కడ బిగుస్తుందో అక్కడ వదులు అనేవారు. ఒకటి ఒంటికి పట్టేదాకా రెండోది ఎత్తరు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి ఆగిపోయేవారు. నేను ఊపిరి బిగబట్టానన్నమాట. వదిలాక మళ్ళీ అక్కణ్ణుంచే మాట అందుకునేవారు.

ఆయనకి వచ్చినవి మొత్తం ముప్పై రెండు. ఏలూరులో అవి నేర్చుకునే మనిషి నేనొక్కదాన్నే.

మనుషుల కోసం ఆయన తిరగని చోటు లేదు. తివాచీలు నేసే షెడ్ల గుమ్మాల్లో నిలబడి, మగ్గాల ముందు వంగిపోయిన వాళ్ళని చూసి ఆగలేక, "బాబూ, ఆ భుజాలు కాస్త దించు, వీపు నొప్పి తగ్గుతుంది" అనేవారు. వాళ్ళు నవ్వేవారు. "మేష్టారూ, తివాచీ కొంటారా, మా వీపులు కొంటారా? వీపులు మాత్రం అమ్మకానికి లేవండి." ఆయనా నవ్వేసి, మర్నాడు మళ్ళీ వెళ్ళేవారు.

బళ్ళో డ్రిల్లు గంటలో ఓ పది నిమిషాలు పిల్లల్ని కూర్చోబెట్టి కళ్ళు మూయించి ఊపిరి లెక్కపెట్టించడం మొదలుపెట్టారు. వారం తిరక్కుండానే ఒక పిల్లవాడి తండ్రి గొడుగు ఎత్తుకుని బడికి వచ్చేశాడు. కొడుకు తనకి పెళ్ళి వద్దన్నాడట. వాడికి పదహారేళ్ళు, పెళ్ళికూతురు నచ్చలేదు, అంతే. కాని తండ్రి మాత్రం "మా ఒక్కగానొక్క పిల్లాణ్ణి సన్యాసుల్లో కలిపేస్తారా" అని గోలగోల చేశాడు. హెడ్మాష్టరు గారు పిలిచి, "కవాతు చేయించండి మేష్టారూ, చాలు. కళ్ళు మాత్రం మూయించకండి" అన్నారట. ఆ సాయంత్రం ఆయన మా అరుగు మీద కూర్చుని నాన్నతో అన్న మాట నాకు గుర్తుంది.

"నాకేం కావాలండీ? జీతం ఉంది, తిండి ఉంది. కాని నాకు దొరికింది నా ఒంట్లోనే ఆగిపోతే, రేపు నాతో పాటే కాలిపోతుంది కదండీ. దీన్ని పెట్టెలో పెట్టి దాచడానికి లేదు. ఇంకో ఒంట్లోకి వెళ్ళాలి."

నాన్న "కాలం వస్తుంది లెండి" అన్నారు.

కాలం నాగమ్మ రూపంలో వచ్చింది. నాగమ్మది కొల్లేటి లంక. తుంగచాపలు అల్లి నెత్తిన పెట్టుకుని ఏలూరు వీధుల్లో అమ్మేది. ఒక ఉదయం చాపల కట్ట మా అరుగు మీద దించి, వీధిగది కిటికీలోంచి లోపలికి చూసింది. మేష్టారు తన సాధనలో ఉన్నారు. రెండు అరచేతులు నేలకానించి, ఒళ్ళంతా కర్రలా అడ్డంగా గాలిలో నిలిపి ఉన్నారు. నాగమ్మ అక్కడే చెంపలు వేసుకుంది. పది రోజుల్లో లంక నుంచి మనిషి వచ్చి, "ఆదివారం మా ఊరు రావాలండి, ఊరంతా కనిపెట్టుకుని ఉంటాం" అని పిలిచాడు.

ఆయన సంబరం ఏం చెప్పను! "నీళ్ళలో మునిగి చేపలు పట్టే మావులు వేసేవాళ్ళమ్మా. ఊపిరి విలువ వాళ్ళకి తెలుసు. ఈ పట్నం వాళ్ళకేం తెలుసు?" అన్నారు. మొదటిసారి వెళ్ళి వచ్చి, ఎనభై మంది వచ్చారని చెప్పారు. ఆరు ఆదివారాలు అలాగే వెళ్ళారు. ఏడో వారం ముఖం వాడిపోయింది.

"ఒక్కరూ చెయ్యడం లేదండి" అన్నారు నాన్నతో. "మొదటిసారి వాళ్ళు అడిగారు కదాని చేసి చూపించాను. నా జన్మలో అంత పొరపాటు చెయ్యలేదు. అప్పట్నుంచి వస్తారు, కూర్చుంటారు, 'మీరు సెయ్యండి సామీ, మేం సూత్తాం' అంటారు. మీరు చెయ్యాలయ్యా అంటే దణ్ణం పెడతారు. కొబ్బరికాయ కొడతారు. చూస్తే పుణ్యం వచ్చేసిందనుకుంటున్నారండి!"

ఆ తర్వాత ఆయనకో ఆలోచన తట్టింది. నన్ను తీసుకెళ్ళాలి. తాను చేస్తే స్వామి మహిమ అంటున్నారు, పన్నెండు పదమూడేళ్ళ పిల్ల చేస్తే, ఈపాటిది మనమూ చెయ్యగలం అనుకుంటారు. నాన్న చాలా రోజులు నానబెట్టి, నాయనమ్మ తోడు వెళ్ళేలా అయితే సరేనన్నారు. అది ఈశ్వర సంవత్సరం కార్తీకం, 1937. అప్పటికి నాకు పదకొండు ఆసనాలు పట్టుబడ్డాయి.

బండి దిగి దోనె ఎక్కాం. వానలు వెళ్ళిన కొత్త. నీళ్ళు కనుచూపు మేర ఉన్నాయి. గెడ వేసే మనిషి మేష్టారి వైపు వీపు పెట్టకూడదని పక్కకి తిరిగి గెడ వేస్తున్నాడు. దానివల్ల దోనె వంకరగా పోతోంది. "తిన్నగా నడపవయ్యా బాబూ, మునిగిపోతాం" అని నాయనమ్మ మొత్తుకుంది. "సామి ఉండగా మునుగుతావా అమ్మగారూ" అన్నాడు వాడు.

ఊరిపెద్ద ఆరడుగుల ముసలాయన, చాలా మర్యాదస్తుడు. తన వాకిలంతా అలికించి ముగ్గులు పెట్టించాడు. ఆడా మగా నిండిపోయారు. మేష్టారు నన్ను చాప మీద కూర్చోబెట్టి, "చూడండి, చిన్నపిల్ల. మీ ఇళ్ళలో పిల్లల్లాంటి పిల్ల" అని మరీ మరీ చెప్పారు. నేను వెల్లకిలా పడుకుని, మోచేతులు ఆనించి, రొమ్ము పైకెత్తి, తల వెనక్కి వంచాను.

"దీన్ని మత్స్యాసనం అంటారు. చేప" అన్నారు మేష్టారు.

వెనక నుంచి ఒక కుర్రాడు, "సేప అలా ఎల్లకిలా పడితే సచ్చిపోయినట్టేనండి" అన్నాడు. అందరూ నవ్వారు. మేష్టారూ గట్టిగా నవ్వారు. ఆ లంకలో ఆయన మనస్ఫూర్తిగా నవ్వడం అదొక్కసారే అనుకుంటాను. మొదటిసారి వాళ్ళలో ఒకడు ఆసనాన్ని ఆసనంగా చూశాడు మరి.

"అయితే నువ్వు రా, బతికున్న చేప ఎలా ఉంటుందో చూపించు" అని వాణ్ణి చెయ్యి పట్టి లాగారు. వాడు నవ్వుతూ లేవబోయాడు. పక్కనే ఉన్న వాడి తల్లి వాడి నెత్తిన ఒక్కటి మొట్టి కూర్చోబెట్టింది. "సామితో పరాసికాలా?"

ఇంతలో నేను లేచి కూర్చున్నాను. ఒకామె వచ్చి నా కాళ్ళకి పసుపు రాసింది. ఇంకొకామె మెడలో బంతిపూల దండ వేసింది. "సిన్నమ్మోరు" అని ఎవరో అన్నారు. హారతి పళ్ళెం తిరిగింది. దండ కింద నా భుజాలు బిగుసుకుపోయాయి. మేష్టారు అది చూశారు.

"ఇవాళ మీ ఇంట్లో ఏం వండారు?" అని ఊరిపెద్దని అడిగారు.

"తమకి పాలూ అరటిపళ్ళూ తెప్పించాం కదండీ సామీ."

"మీ ఇంట్లో ఏం వండారో చెప్పవయ్యా."

"కొర్రమీను పులుసండి."

"పట్రా."

ఎవరూ కదల్లేదు. మేష్టారు తానే వంటపాక గుమ్మందాకా వెళ్ళి, లోపల ఎవరో తింటున్న సత్తుపళ్ళెం తీసుకుని వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు. మా ఇళ్ళలో నీచు ముట్టరు, వాసనే పడదు. ఆయనదీ అలాంటి ఇల్లే. నాయనమ్మ "రామ రామ, ఏంటయ్యా ఇది!" అంటూ కళ్ళు మూసుకుంది. నేను మూసుకోలేదు. ఆయన నిలబడే నాలుగు ముద్దలు తిన్నారు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. అది కారమో ఏడుపో నాకు తెలియదు.

"చూశారు కదా! స్వామి అయితే ఇలా తింటాడా? నేను డ్రిల్లు మేష్టర్ని. మీలాంటి మనిషిని. నాకు వచ్చింది మీ అందరికీ వస్తుంది. రండయ్యా, మీకు పుణ్యం ఉంటుంది. ఒక్కరు రండి. మోకాలు మడవండి చాలు."

ఊరిపెద్ద నెమ్మదిగా చేతులు జోడించాడు.

"మాకోసం మా కూడు తిన్నాడు" అన్నాడు. "ఏం తిన్నా ఈయనకి అంటదు. మామూలు సామి కాదర్రా."

ఊరంతా సాష్టాంగపడింది. నేలకి ఆనిన ఆ వీపుల మధ్య పళ్ళెం పట్టుకుని ఆయన నిలబడ్డారు. నేలకి వంగనిది ఆయనా, నేనూ, నాయనమ్మా. అంతే.

తిరుగుదారిలో ఆయన దోనె అంచు మీద వంగి అంతా కక్కేశారు. దోనె మనిషి ఆ చోట ఒక కర్ర పాతి గుర్తు పెట్టాడు. మర్నాడు అక్కడ మావు వేసుకుంటానన్నాడు. మేష్టారు అది విని తల దోనె చెక్కకేసి రెండుసార్లు కొట్టుకున్నారు. నాయనమ్మ ఆయన వైపు చూడలేదు.

మూడో రోజు నాన్న ఆయన్ని అరుగు మీదికి పిలిచారు. నేను తలుపు వెనకాల ఉన్నాను.

"మీ మీద నాకు గౌరవమేనండి మేష్టారూ. కాని ఇంట్లో పెద్దావిడ నూతి దగ్గరికి మిమ్మల్ని రానివ్వనంటోంది. గది ఖాళీ చెయ్యాలండి."

"చేసేస్తానండి. సాయంత్రమే చేసేస్తాను." వెళ్ళబోయి తిరిగారు. "అమ్మాయికి ఇంకా ఇరవై ఒకటి ఉన్నాయండి. రోజూ వచ్చి వీధిలో నిలబడే చెబుతాను. అరుగు కూడా ఎక్కనండి. నోటితో చెప్పడమే కదండీ."

"వద్దండి. వీధిలో మాట పడుతుంది. పెళ్ళి కావలసిన పిల్ల."

"ఏవండీ, నాకు ఆ పిల్ల ఒక్కతే ఉందండి."

నాన్న లేచి లోపలికి వచ్చేశారు. మేష్టారు వెళ్ళిపోయారు. చేప సంగతి బడికీ పాకింది. అక్కడా రావద్దన్నారు. లంకలో మెతుకు దక్కుతుంది కనక ఆయన లంకకే పోయారు. ఏ ఊరివాళ్ళని స్వామిని కానని నమ్మించబోయారో ఆ ఊరివాళ్ళు వేసిన పాకలో, వాళ్ళు పెట్టిన తిండి తింటూ ఉన్నారు.

కబుర్లు నాగమ్మ తెచ్చేది. "సామి తిడతాడమ్మా. మోకాలు మడవరా ఎదవా అని తిడతాడు. సామి తిడితే మంచిదంట. పక్క లంకల్నించి కూడా వత్తన్నారు తిట్టించుకోడానికి." నేను అడిగాను: "ఎవరైనా మడిచారా నాగమ్మా?" నాగమ్మ నోరు నొక్కుకుంది. "ఓయమ్మో, సామి సేసేది మనం సేత్తే కళ్ళు పోవూ?"

బహుధాన్య వైశాఖంలో, 1938లో, పద్నాలుగు నిండాక నాకు పెళ్ళయింది. తాడేపల్లిగూడెం సంబంధం. మామగారికి రైసు మిల్లులో వాటా. నాకు ఉబ్బసం ఉందన్న సంగతి పెళ్ళివారికి చెప్పలేదు. అప్పటికి రెండేళ్ళుగా రాలేదు కనక చెప్పనక్కర్లేదన్నారు మావాళ్ళు. కాపురానికి ఇంకా పంపలేదు. ఆ భాద్రపదంలో ఒక బుధవారం మధ్యాహ్నం రెండున్నరకి మేష్టారు మా వీధిలో పరుగెత్తుకుంటూ వచ్చారు. పంచె మోకాళ్ళదాకా బురద. చొక్కా లోపల, రొమ్ముకి ఆనించి, పసిబిడ్డ. వెనకాల నాగమ్మ.

"జట్కా! ఎవరైనా జట్కా పిలవండి! ఆసుపత్రికి!"

ఆ బిడ్డ నాగమ్మ కూతురి కూతురు. ఏడు నెలలు. ఆదివారం నుంచీ ఎగశ్వాస. మేష్టారు చూసిన క్షణమే ఏలూరు తీసుకెళ్ళమన్నారు. వాళ్ళు వెళ్ళలేదు. ఆయన పాక ముందు బిడ్డని పడుకోబెట్టుకుని కూర్చున్నారు. ఆయన బతిమాలారు, తిట్టారు, కాళ్ళు పట్టుకోబోయారు. "సామి మనకి పరీచ్చ పెడతన్నాడు. కదిలితే ఓడిపోతాం" అని ఊరిపెద్ద అన్నాడట. మూడు రోజులు అలా కూర్చున్నారు. బుధవారం పొద్దున్న ఆయన బిడ్డని లాక్కుని దోనెలోకి దూకారు.

నాన్న సైకిలు తీశారు. నేను అరుగు దిగి బిడ్డ దగ్గరికి వెళ్ళాను. పక్కటెముకలు చూడ్డం నాకు ఆయనే నేర్పారు. కదలిక లేదు. ఆయనకి నాకన్నా ముందే తెలుసు. అయినా ఆ చిన్న నోట్లోకి ఊదుతున్నారు, ఆగుతున్నారు, చూస్తున్నారు, మళ్ళీ ఊదుతున్నారు.

"ఊదండి సామీ" అంటోంది నాగమ్మ. "మీరు ఊదితే వత్తది."

"నేను స్వామిని కాను నాగమ్మా!" అని అరిచారు. ఆ అరుపుకి వీధి అంతా తలుపులు తెరుచుకున్నాయి. "ఎన్నిసార్లు చెప్పాను! చేప తిన్నాను, తిట్టాను, ఏడ్చాను. ఇంకేం చెయ్యమంటావు? నేను మనిషిని. నాకు చేతకాదు!"

నాగమ్మ ఆయన పాదాల మీద పడింది.

ఆయన మా అరుగు అంచున కూర్చున్నారు. బిడ్డ ఒళ్ళోనే ఉంది. చాలాసేపటికి నా వైపు, కాదు, నా భుజాల వైపు చూశారు.

"ఎన్ని చేస్తున్నావు?"

"పదకొండూ చేస్తున్నానండి."

"రోజూనా?"

"రోజూనండి."

తల ఊపారు. బిడ్డని నాగమ్మ చేతుల్లో పెట్టి, ఆమెతో పాటే తిరిగి వెళ్ళారు.

మాఘంలో నన్ను కాపురానికి పంపారు. గూడెంలో మా అత్తవారి ఇల్లు మిల్లుకి ఎదురుగా ఉండేది. ఊక దుమ్ము కిటికీల్లోంచి వచ్చి పప్పు డబ్బాల మీద కూడా పేరుకునేది. రెండు నెలలకే ఊపిరి మళ్ళీ బిగుసుకోవడం మొదలయింది. వడ్లగదిలో తలుపు వేసుకుని తుమ్మెద రొద చేసేదాన్ని. అత్తగారు అడిగితే ఎలకల్ని అదిలిస్తున్నానని చెప్పాను.

ప్రమాథి వైశాఖం, 1939. ఒక గురువారం పొద్దున్న ఎనిమిదింటికి వీధిగుమ్మంలో ఆయన గొంతు వినిపించింది. నేను వంటింటి కిటికీ దగ్గరికి పరుగెత్తాను. సగానికి సగం అయిపోయారు. నడిచేటప్పుడు మడమలు నేలకి ఈడుస్తున్నారు.

"మీ కోడలుగారికి నేర్పాల్సినవి ఇరవై ఒకటి మిగిలిపోయాయండి. అందుకని వచ్చాను" అన్నారు.

మామగారు పడక్కుర్చీలోంచి లేవకుండా, "చుట్టాలాండీ?" అన్నారు.

"కాదండి. మేష్టర్నండి."

"ఏం నేర్పుతారు?"

"ఊపిరి పీల్చడం, వదలడం."

మామగారు మిల్లు వైపు తిరిగి బండివాళ్ళకి వినపడేలా నవ్వారు. "ఊపిరి పీల్చడానికి మేష్టరా! మా ఇంట్లో అందరికీ వచ్చండీ అది. పసిపిల్లలకి కూడా వచ్చు!" బండివాళ్ళు పొట్టలు పట్టుకున్నారు. అత్తగారు లోపల్నించి, "కొత్తకోడలికి డ్రిల్లేంటండీ, విడ్డూరం! అన్నం పెట్టించి పంపండి పాపం" అంది.

ఒక్క మాట అంటే సరిపోయేది. ఈ పిల్లకి ఉబ్బసం ఉంది, ఈ దుమ్ములో బతకడానికి అవి కావాలి అంటే వాళ్ళు వినేవారేమో. అదే మాటకి నన్ను పుట్టింటికి పంపేసేవారేమో కూడా. ఆయన కిటికీ వైపు చూశారు. నా భుజాలు చూశారు. దాచిన సంగతి, మళ్ళీ వచ్చిన సంగతి, రెండూ అర్థమయ్యాయని నాకు తెలిసింది. ఆ మాట అనలేదు. అన్నం కూడా తినలేదు.

మర్నాడూ వచ్చారు. అదే మాట చెప్పారు, అదే నవ్వు విన్నారు.

మూడో రోజు గుమ్మంలోకి రాలేదు. మా కిటికీకి ఎదురుగా బండ్లు ఆగే పాక ఉంది. అక్కడ ఖాళీ గోనె ఒకటి పరుచుకుని కూర్చున్నారు. "పన్నెండు" అన్నారు గట్టిగా. అని, చేశారు.

నేను ఊచలు పట్టుకుని నిలబడిపోయాను. పాఠాలు చెప్పిన పదిహేను నెలల్లో నా ముందు ఒక్కసారి కూడా చేసి చూపించని మనిషి. ఆ ఎండలో, గోనె మీద, దుమ్ములో, కీళ్ళు సహకరించక వణుకుతూ చేస్తున్నారు. "పదమూడు." ఇదివరకు ఎలా కూర్చోవాలో చెప్పేవారు కాని ఇప్పుడు చెప్పడానికి ఊపిరి చాలడం లేదు. "పద్నాలుగు." బండివాళ్ళు చేరారు. మొదట ఎగతాళిగానే చేరారు. పదిహేనుకి నవ్వులు ఆగాయి. పదహారుకి ఒకడు తలపాగా తీశాడు. పదిహేడులో ఆయన రెండు అరచేతుల మీద ఒళ్ళు లేపారు. వడ్లు చెరిగే ఒకామె చేట కింద పెట్టి వచ్చి, గోనె అంచున రెండు అరటిపళ్ళు పెట్టి దణ్ణం పెట్టింది.

"ఎవరో సామి" అన్నారు ఎవరో.

ఆయన చేతులు పట్టు వదిలేశాయి. రొమ్ము నేలకి తగిలింది. అలాగే బోర్లా పడి ఉండి, తల మాత్రం ఎత్తి కిటికీ వైపు చూశారు.

"చూడకమ్మా" అన్నారు.

లేచి, ఒంటికి అంటిన ఊక దులుపుకోకుండా స్టేషను దారి పట్టారు. వెనకాల అయిదారుగురు చేతులు కట్టుకుని నడిచారు. ఆయన వెనక్కి తిరిగి వాళ్ళ మీద రాయి విసిరారు. ఆ రాయిని ఒకడు ఏరుకున్నాడు.

నేను కిటికీలోంచి చూసిన ఆ ఆరూ వడ్లగదిలో ఎన్నోసార్లు ప్రయత్నించాను. ఏదో ఒక చోట ఊపిరి బిగిసిపోయేది. ఎక్కడ వదలాలో చెప్పేవాళ్ళు లేరు.

ఆ దీపావళికి పుట్టింటికి వెళ్ళినప్పుడు నాగమ్మ చెప్పింది. మేష్టారు వానల్లో దగ్గుతో లంకకి తిరిగి వచ్చారట. భాద్రపదంలో పోయారు. తనని కాల్చమని చెప్పారట. వాళ్ళు వినలేదు. స్వాములకి చేసినట్టు కూర్చోబెట్టి, ఉప్పు పోసి సమాధి చేశారు. నాగమ్మ ఏడవలేదు. "మా పిల్లని సామి ముందుగా పంపించాడమ్మా, తనకి తోడు" అంది.

చాలా ఏళ్ళ తర్వాత, మా చిన్నమ్మాయి కారులో ఒకసారి అక్కడికి వెళ్ళాను. నీళ్ళు దూరమైపోయాయి, చుట్టూ చేపల చెరువులు. సమాధి మీద పలకరాళ్ళ మందిరం, లోపల రంగుల పటం. ఎప్పుడూ నున్నగా గడ్డం గీసుకునే మనిషికి రొమ్ముదాకా తెల్లగడ్డం వేశారు. తాళం తీసిన కుర్రవాణ్ణి అడిగాను, ఈయన ఏం నేర్పేవారు బాబూ అని.

"నేర్పడం ఏంటండీ" అన్నాడు. "దీవించేవారు."

లెక్క ఇది. ఆయనకి వచ్చినవి ముప్పై రెండు. నాకు పట్టుబడినవి పదకొండు. కిటికీలోంచి చూసిన ఆరు లెక్కలోకి రావు. ఆయనతో పోయినవి ఇరవై ఒకటి. నేను చేయించింది ముగ్గురి చేత, ఇద్దరు కూతుళ్ళు, ఒక పక్కింటి కోడలు. పిల్లలు పుట్టాక ముగ్గురూ మానేశారు. నాకు ఎనభై రెండేళ్ళు. పదకొండులో ఇప్పుడు నా ఒంటికి అయ్యేవి నాలుగు. పోయినవి ఏడు. నాగమ్మ మనవరాలు ఒకతె, ఏడు నెలలు. మేష్టారు ఒకరు, నలభై అయిదేళ్ళు.